ఖర్చు ఆమె పేరున... లెక్క ఎవరికి?

ఇల్లు నడిపే ఆడదానికి లెక్కల గురించి ఒకరు పాఠం చెప్పనక్కర్లేదు. పాలవాడు నెలలో ఎన్ని రోజులు ఎగ్గొట్టాడో క్యాలెండరు మీద గుర్తు పెట్టే ఉంటుంది. చీటీ పాడుకున్నావిడ ఎన్ని వాయిదాలు కట్టిందో, ఎన్ని బాకీ పడిందో వీధంతా చెబుతుంది. డబ్బు ఎవరిది, ఎవరి చేతిలో పడింది, దేనికి ఖర్చయింది – ఈ మూడు ప్రశ్నలూ మనకి వెన్నతో పెట్టిన విద్య.

అదే ఒక దేశం ఇంకో దేశానికి ఇచ్చే డబ్బయితే? ‘ఆ విదేశీ సాయాలూ, దౌత్యాలూ మనకెందుకండీ!’ అని పేపర్లో ఆ పేజీ తిప్పేస్తాం. కానీ ఆడవాళ్ళ పేరు చెప్పి కోట్ల కోట్ల డాలర్లు ఖర్చయిన దేశం ఒకటుంది. ఆ దేశపు కథ మనం చదవాల్సిందే. అది అఫ్గానిస్తాన్.

అడగడానికో ఆఫీసు

2001 చివర్లో తాలిబన్లు గద్దె దిగారు. యుద్ధం అయిపోయింది, ఇక దేశాన్ని తిరిగి కట్టుకోవడమే తరువాయి అనుకున్నారంతా. సాయం వరదలా వచ్చింది. ఇరవై ఏళ్ళలో పునర్నిర్మాణం పద్దు కింద ఒక్క అమెరికాయే సుమారు 14,500 కోట్ల డాలర్లు కేటాయించింది. రూపాయలు కాదు సుమా, డాలర్లు! అందులో సగానికి పైగా సైన్యానికీ, పోలీసులకీ పోయింది.

ప్రజాస్వామ్యంలో ఖజానా తాళంచెవి చట్టసభ కొంగున ఉంటుంది. అమెరికాలో ఆ సభ పేరు కాంగ్రెస్. డబ్బు మంజూరు చేసేది అదే కనుక, అడిగే బాధ్యతా దానిదే. 2008 జనవరిలో కాంగ్రెస్ చట్టం చేసి, అఫ్గానిస్తాన్ ఖర్చుల కోసమే ఒక ప్రత్యేక తనిఖీ కార్యాలయాన్ని పెట్టింది. దాని పొట్టిపేరు ‘సిగార్’. డబ్బు ఎక్కడికి పోయిందో ఆరా తియ్యడం, మూడు నెలలకోసారి కాంగ్రెస్‌కి రిపోర్టు ఇవ్వడం, ఆ రిపోర్టుని ఎవరైనా చదువుకునేలా బయటపెట్టడం దాని పని. 2012లో దానికి అధిపతిగా వచ్చిన జాన్ సాప్కో మొహమాటం లేని మనిషి. ఆ ఆఫీసు బయటపెట్టిన సంగతులు వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

అడవి లేని చోట అడవి రంగు

ఒక్క ఉదాహరణ చూడండి. అఫ్గాన్ సైన్యానికి యూనిఫారం కావలసి వచ్చింది. 2007లో అప్పటి రక్షణమంత్రికి ఒక డిజైను నచ్చింది. పచ్చని అడవిలో కలిసిపోయే రంగులు. అఫ్గానిస్తాన్‌లో అడవి ఎంతుందంటారా? దేశం మొత్తంలో 2.1 శాతం నేల! అయినా అదే కొన్నారు. పైగా అది ఒక కంపెనీ సొంత డిజైను కాబట్టి ధర ఎక్కువ. పదేళ్ళలో 2.8 కోట్ల డాలర్ల వరకు అనవసరంగా ఖర్చయి ఉంటుందని 2017లో సిగార్ తేల్చింది. పెళ్ళిలో బట్టలు పెట్టేటప్పుడు కూడా ఎవరికి ఏ రంగు నప్పుతుందో ఒక నిమిషం ఆలోచిస్తాం కదా!

ఇటలీ నుంచి 20 విమానాలు తెప్పించారు. ఖర్చు 48.6 కోట్ల డాలర్లు. విడిభాగాలు దొరక్క అవి సరిగా ఎగరనే లేదు. 2014లో వాటిలో పదహారింటిని తుక్కు కింద అమ్మితే వచ్చింది 32 వేల డాలర్లు. హెల్మండ్‌లో 64 వేల చదరపు అడుగుల సైనిక భవనం కట్టారు. మాకొద్దని అక్కడి అమెరికన్ సైనికాధికారులే చెప్పినా పని ఆగలేదు. 3.6 కోట్ల డాలర్లు పోశారు. అందులో ఎవరూ కాలు పెట్టి పని చేసింది లేదు.

ఎందుకిలా అంటే, దాదాపు ప్రతి రిపోర్టులోనూ ఒకే జవాబు. మంజూరైన డబ్బు గడువులోగా ఖర్చుపెట్టెయ్యాలి. ఎంత ఖర్చుపెట్టారన్నదే గొప్ప, ఏం సాధించారన్నది కాదు. అధికారులు ఏడాది తిరక్కుండా మారిపోతారు. వచ్చిన కొత్తాయనకి పాత తప్పులు తెలియవు.

75 వేల మంది యువతులు

ఇక మన సంగతికి వద్దాం. 2014 నవంబరులో అమెరికా సాయసంస్థ యుఎస్‌ఎయిడ్ ‘ప్రమోట్’ అనే పథకం మొదలుపెట్టింది. చదువుకున్న 75 వేల మంది అఫ్గాన్ యువతులని ఐదేళ్ళలో ఉద్యోగాల్లో, వ్యాపారంలో, ప్రజాజీవితంలో పైకి తేవాలన్నది లక్ష్యం. అమెరికా తన వాటాగా 21.6 కోట్ల డాలర్లు ప్రకటించింది. మిగతా దేశాలు కూడా దాదాపు అంత వేస్తాయని ఆశించారు.

అప్పటి అఫ్గాన్ అధ్యక్షుడి భార్య రూలా ఘనీ దీని మీద తన అనుమానం దాచుకోలేదు. కాంట్రాక్టులూ, వాటి కింద ఉపకాంట్రాక్టులూ, వర్క్‌షాపులూ పోగా, చివరికి సర్టిఫికెట్ల కాగితాలే మిగులుతాయేమో అన్నది ఆవిడ భయం. ఇంటి మనిషికి ఇల్లు తెలిసినట్టు పొరుగువాళ్ళకి తెలుస్తుందా?

2018 సెప్టెంబరులో సిగార్ తనిఖీ రిపోర్టు వచ్చింది. మూడేళ్ళలో 8.97 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. దానివల్ల ఆడవాళ్ళ పరిస్థితి నిజంగా మెరుగుపడిందా అంటే, అవునని చూపించడానికి ఆధారం లేదు. శిక్షణకి ఎంతమంది వచ్చారో రాసుకున్నారు. ఆ శిక్షణ వాళ్ళ బతుకుల్లో ఏం మార్చిందో కొలిచే ఏర్పాటు సరిగా చేసుకోలేదు.

అలాగని అంతా బూడిదలో పోసిన పన్నీరే అంటే అన్యాయం. 2021 ఫిబ్రవరి నాటి సిగార్ రిపోర్టే చెప్పింది, సుమారు 35 లక్షల మంది ఆడపిల్లల పేర్లు బడుల్లో నమోదయ్యాయని. మంత్రసానులకి శిక్షణ ఇచ్చారు. కాన్పుల్లో చనిపోయే తల్లుల సంఖ్య తగ్గింది. అదే రిపోర్టు ప్రకారం, 2002 నుంచి ప్రత్యేకంగా ఆడవాళ్ళకీ ఆడపిల్లలకీ అమెరికా ఖర్చుపెట్టింది కనీసం 78.74 కోట్ల డాలర్లు. ఒకసారి మొత్తంతో పోల్చి చూడండి. నూరు రూపాయల్లో అర్ధరూపాయి చిల్లర! మిగతా పథకాల్లోనూ వాళ్ళకి కొంత వాటా ఉంది, కాదనను. కానీ ఉపన్యాసాల్లో ఆడవాళ్ళకి ఇచ్చిన చోటు పద్దుల పుస్తకంలో ఇవ్వలేదన్నది మాత్రం స్పష్టం.

మరి కాబూల్ ఏమడిగింది?

ఇంతసేపూ అడిగింది వాషింగ్టన్. అఫ్గానిస్తాన్‌కి కూడా ఒక పార్లమెంటు ఉండేది. 2004 రాజ్యాంగం ప్రకారం దిగువసభలో 249 స్థానాలు. అందులో 68 ఆడవాళ్ళవి. మన దేశంలో చట్టసభల్లో మహిళా రిజర్వేషన్ చట్టం వచ్చింది 2023లో అని గుర్తుచేసుకుంటే, అదెంత పెద్ద మాటో తెలుస్తుంది.

ఆ సభ ఉత్సవ విగ్రహమేం కాదు. బడ్జెట్టు, విదేశీ ఒప్పందాలు దాని ఆమోదం పొందాలి. 2012 ఆగస్టులో భద్రతా వైఫల్యాలు, అవినీతి ఆరోపణల మీద నిలదీసి ఇద్దరు మంత్రులని అవిశ్వాసంతో దించింది. అందులో ఒకరు, ఇందాకటి అడవి రంగు యూనిఫారం నచ్చిన రక్షణమంత్రే! ఆయన్ని దించగలిగిన సభకి ఆ యూనిఫారం బిల్లు మీద మాత్రం అధికారం లేదు. ఎందుకంటే బిల్లు కట్టింది అమెరికా.

విదేశీ సాయంలో అత్యధిక భాగం అఫ్గాన్ బడ్జెట్టులోకి రాకుండా నేరుగా కాంట్రాక్టర్లకీ, సంస్థలకీ పోయేది. బడ్జెట్టులో లేని డబ్బుని పార్లమెంటు ఎలా అడుగుతుంది? కనీసం సగం సాయం ప్రభుత్వ బడ్జెట్టు ద్వారా ఇస్తామని 2010 కాబూల్ సమావేశంలో దాతలు మాటిచ్చారు. వాళ్ళ జంకుకీ కారణం ఉంది. అదే ఏడాది బయటపడ్డ కాబూల్ బ్యాంకు కుంభకోణంలో 90 కోట్ల డాలర్లకి దగ్గరగా గల్లంతయ్యాయి. నిజమే, దొంగలుంటే తాళం వెయ్యాలి. కానీ సరుకులన్నీ అత్తగారే తెప్పించి, బీరువా తాళాలు తన దగ్గరే పెట్టుకుని, ఇరవై ఏళ్ళ తర్వాత ‘మా కోడలికి ఇల్లు నడపడం రాదు’ అంటే ఎలా ఉంటుంది?

తలుపు బయట నిలబెట్టి

డబ్బు సంగతే కాదు, దౌత్యమూ అంతే. 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబన్లు ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ గదిలో అఫ్గాన్ ప్రభుత్వం లేదు. బయటికి వచ్చిన ఒప్పందంలో ఆడవాళ్ళ హక్కుల గురించి ఒక్క మాట లేదు. రెండు అనుబంధాలు రహస్యం. అమెరికా కాంగ్రెస్ సభ్యులైతే ఒక గదిలోకి వెళ్ళి చదివి రావచ్చు. అఫ్గాన్ మహిళా ఎంపీకి ఆ పాటి అవకాశమూ లేదు. దానికి ఒప్పంద హోదా ఇచ్చి సెనేట్ ఓటుకి పెట్టనూ లేదు.

ఆ సెప్టెంబరులో అఫ్గాన్ల మధ్య చర్చలు మొదలయ్యాయి. ప్రభుత్వం తరఫున 21 మందిలో నలుగురు ఆడవాళ్ళు. ఫౌజియా కూఫీ వాళ్ళలో ఒకరు. అంతకు నెల ముందే ఆవిడ మీద కాల్పులు జరిగితే చేతికి కట్టుతోనే దోహా వెళ్ళింది. ఎదుటి పక్షంలో ఒక్క ఆడమనిషీ లేదు.

2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి చిక్కింది. మహిళా ఎంపీల్లో ఎక్కువమంది దేశం వదిలి, గ్రీసు మొదలైన చోట్ల తలదాచుకున్నారు. ఉండిపోయినవాళ్ళలో ముర్సల్ నబీజాదాని 2023 జనవరిలో కాబూల్‌లో ఆవిడ ఇంట్లోనే కాల్చి చంపారు. ఆడపిల్లలకి ఆరో తరగతి పైన బడి మూసేశారు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయం, 2024 డిసెంబరులో నర్సు, మంత్రసాని శిక్షణ కూడా మూసేశారు. సాయంలో కాస్తో కూస్తో నిలిచిన పంట అదే, దానికే కొడవలి పడింది.

మనకెందుకంటారా?

కాబూల్‌లో ఆ పార్లమెంటు భవనం కట్టించింది మన దేశం. 9 కోట్ల డాలర్ల ఖర్చు, 2015 డిసెంబరు 25న ప్రారంభోత్సవం. రోడ్డు వేశాం, హెరాత్ దగ్గర ఆనకట్ట పూర్తిచేశాం. డబ్బే కాదు, ప్రాణాలూ పోయాయి. 2006లో అక్కడ పనిచేస్తున్న హైదరాబాదు టెలికాం ఇంజనీరుని తాలిబన్లు ఎత్తుకుపోయి చంపారు. అంటే మనమూ ఇచ్చే చెయ్యే. విదేశాంగ శాఖ ఖర్చుల్ని మన పార్లమెంటు స్థాయీ సంఘం ఏటా పరిశీలిస్తుంది. ఆ రిపోర్టులు అందరికీ అందుబాటులోనే ఉంటాయి. మన ఓటు అడగడానికి వచ్చే ఎంపీ అభ్యర్థిని రోడ్డు గురించీ, నీళ్ళ గురించీ అడుగుతాం. పొరుగు దేశంలో మన డబ్బు ఎవరికి చేరిందని కూడా ఒక్కసారి అడిగితే తప్పేముంది?

సిగార్ తన ఆఖరి రిపోర్టు 2025 డిసెంబరులో ఇచ్చింది. వృథా, మోసం, దుర్వినియోగాల కింద పోయింది 2,600 నుంచి 2,900 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని లెక్క కట్టింది. చట్టం పెట్టిన గడువు ప్రకారం 2026 జనవరి 31న ఆ ఆఫీసు మూతపడింది. అడిగినవాళ్ళు గట్టిగానే అడిగారు. కాకపోతే ఆ జవాబులన్నీ డబ్బిచ్చిన వాళ్ళకి చెప్పినవి. ఎవరి పేరున ఖర్చయిందో, ఆ ఆడవాళ్ళని కూర్చోబెట్టి ‘అమ్మా, ఇదీ మీ లెక్క’ అని ఎవరూ చెప్పలేదు.

ఇకముందు ఏ దేశంలోనైనా, ఏ సంస్థయినా ‘మహిళాభ్యుదయం కోసం ఇన్ని కోట్లు’ అని ప్రకటిస్తే చప్పట్లు కొట్టేముందు ఒక్క ప్రశ్న వేద్దాం. ఆ లెక్కలు వినే సభలో, అడిగే హక్కుతో, అక్కడి ఆడవాళ్ళు ఎంతమంది కూర్చుంటారు?