పెన్నలో ఎదురీదు చేపలు

ఆంగ్ల నవలలు చదివిన శ్రోతలకు ట్రౌటు, సాల్మను అను చేపల పేర్లు క్రొత్తవి కావు. ఏటి ఒడ్డున గాలము పట్టుకొని గంటల తరబడి నిలుచు పాత్రలన్నియు ఈ రెండింటికొరకే నిలుచును. ఇవి పెన్నలో దొరకవా అని అడుగువారు కలరు. దొరకవు. ట్రౌటు చలినీటి చేప. నీటి వేడిమి 20 డిగ్రీలు దాటినచో దానికి కష్టము. నీలగిరులలో 6,000 అడుగులకు పైనున్న అవలాంచి వద్ద 1907లో పొదుగుశాల పెట్టి దానిని పెంచగలిగిరి. మన ఉదయగిరి దుర్గము ఎత్తు సుమారు 3,000 అడుగులే. ఇక ఆత్మకూరు వేసవిని గూర్చి చెప్పనక్కరలేదు.

సాల్మనుకు పేరు తెచ్చినది రుచి మాత్రమే కాదు. అది సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు తాను పుట్టిన ఏటికే ఎదురీది వచ్చును. ఈ పని చేయు చేప మనకును కలదు. సముద్రములోని ఇలసయే వరద గోదావరిలో ప్రవేశించి పులస యగుచున్నది. ధవళేశ్వరము ఆనకట్ట దాని ప్రయాణమునకు హద్దు. తమిళదేశమున కొల్లడము దిగువ ఆనకట్టకు ఇరువదవ శతాబ్దారంభమున చేపలకై మెట్లు కట్టి చూచిరి. సాల్మను అయినచో దుమికెడిది. ఇలస దుముకు జాతి కాదు. మెట్లు వ్యర్థమైనవి.

మన బొచ్చె, శీలావతి, ఎర్రమోసు సముద్రము నెరుగవు. అయినను వరద వచ్చినపుడు ఇవియు ఎదురీదును. చెరువులో ఎంత పెరిగినను నిలువనీటిలో ఇవి సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. క్రొత్తనీరు పారవలెను, ఒడ్డులు మునిగి గడ్డిమీద పలుచగా నీరు నిలువవలెను. అచట పెట్టిన గ్రుడ్లు ఒక రోజు గడవకమునుపే పిల్లలగును. 1957లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథిరసమును సూదితో ఎక్కించి వీనిచేత గ్రుడ్లు పెట్టించువరకు, చేపపిల్లలకొరకు నదులనే ఆశ్రయింపవలసి యుండెడిది.

పెన్న వెలిగొండలను దాటి సోమశిల వద్ద మైదానమున పడును. ఉదయగిరి కొండలవైపునుండి వచ్చు బొగ్గేరు దిగువన దానిలో కలియును. నెల్లూరు వద్ద 1855లోను, పిమ్మట సంగము వద్దను ఆనకట్టలు లేచినవి. 2022లో ఆ రెండు చోట్లను క్రొత్త బరాజులు ప్రారంభమైనవి. ఎగువన 78 టి.ఎం.సి.ల సోమశిల జలాశయము. పైరులకు ఇవి ప్రాణము. ఎదురీదు చేపకు గోడలు. గోడ అడుగున చేప గుమికూడును. పైకి పోలేదు, వెనుకకు పోదు. సరిగా అచటనే గాలములును, వలలును గుమికూడును!

ఆ పూట బరువైన చేప పడినచో అదృష్టమనుకొందుము. ఆ బరువులో గ్రుడ్ల పాలెంతో చూడము. శీలావతి శరీరమున కిలోకు లక్షకు పైగా గ్రుడ్లుండును. 1897 నాటి మత్స్యచట్టము నీటిలో తోటాలు పేల్చుటను, విషము కలుపుటను నేరములుగా చేసినది. గాలము అంతటి పాపము కాదు. అయినను క్రొత్తనీరు దిగిన కొద్దివారములు ఆనకట్ట అడుగును విడిచి, దిగువ మడుగులకు పోవుట మేలని మా అభిప్రాయము. తవుడు ముద్దకో, వానపాముకో అచటను చేప పడును. ఓర్పు కొంత ఎక్కువ కావలెను, అంతే.

కొర్రమీను సంగతి వేరు. దానికి వరదతో పనిలేదు. నాచు పట్టిన మడుగు చాలును. పిల్లలు ఎర్రని గుంపుగా నీటిపై తేలుచుండగా క్రింద తల్లిదండ్రులు కాపు కాయును. ఈ గుట్టు తెలిసినవారు గాలమునకు కప్పపిల్లను గ్రుచ్చి ఆ గుంపుమీద ఆడింతురు. పెద్దచేప ఎగిరి కరచును. అది ఆకలి కాదు, పిల్లలమీదికి శత్రువు వచ్చెనను కోపము. ఆ రాత్రి పులుసు రుచిగానే యుండును. మడుగులోని పిల్లలు మాత్రము ఇతర చేపల పాలగును. అవి పెరిగి విడిపోవువరకు కొలదివారములు ఆగి, అదే మడుగున అదే చేపకు గాలము వేయవచ్చును.