ఎండ ప్లాస్టిక్‌ను ముక్కలు చేస్తుంది, మాయం చేయదు

ఎండలో పడి ఉన్న ప్లాస్టిక్ ఎందుకు పెళుసుబారుతుందో తెలియాలంటే 345 నానోమీటర్లు అనే అంకెతో మొదలుపెట్టాలి.

పాలిథీన్ అయినా, పాలీప్రొపిలీన్ అయినా వేలాది కార్బన్ పరమాణువులు వరుసగా కలిసిన పొడవాటి గొలుసే. రెండు కార్బన్ల మధ్య బంధం తెగాలంటే మోల్‌కు సుమారు 347 కిలోజౌల్స్ శక్తి కావాలి. కాంతి తరంగం పొట్టిదయ్యేకొద్దీ దాని శక్తి పెరుగుతుంది. 550 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుగుకు ఉన్నది 217 కిలోజౌల్సే. 400 దగ్గర అది 299, 300 దగ్గర 399. అంటే సుమారు 345 కన్నా పొట్టి తరంగానికి ఆ బంధాన్ని తెంచే సత్తా ఉంటుంది. నేలను చేరే ఎండలో అతినీలలోహిత (యూవీ) కిరణాల వాటా దాదాపు 5 శాతం. అందులోనూ 290 కన్నా పొట్టివాటిని ఓజోన్ పొర పైనే ఆపేస్తుంది. మన బకెట్లనూ కుర్చీలనూ పాడుచేసేది ప్రధానంగా ఈ కొద్దిపాటి వాటాయే.

అయితే సత్తా ఒక్కటే చాలదు, పదార్థం ఆ కాంతిని పీల్చుకోవాలి కూడా. పూర్తిగా స్వచ్ఛమైన పాలిథీన్ ఈ కిరణాలను దాదాపు పీల్చుకోదు. కానీ అంత స్వచ్ఛమైన పాలిథీన్ బజారులో దొరకదు. ఫ్యాక్టరీలో కరిగించి అచ్చుపోసే వేడికే గొలుసుకు అక్కడక్కడా ఆక్సిజన్ అంటుకుంటుంది. తయారీలో వాడిన ఉత్ప్రేరకం కూడా కాస్త మిగులుతుంది. కిరణాలకు అవే దారి ఇస్తాయి. ఒకచోట బంధం తెగగానే అక్కడ ఫ్రీ రాడికల్, అంటే దేన్నైనా పట్టుకోవాలని చూసే తెగిన కొస, పుడుతుంది. అది గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని, పక్క గొలుసు నుంచి హైడ్రోజన్‌ను లాక్కుని, హైడ్రోపెరాక్సైడ్‌గా మారుతుంది. అందులో రెండు ఆక్సిజన్ల మధ్య బంధం బలం కార్బన్ బంధంలో సుమారు సగమే. అది తెగితే కొత్తగా రెండు రాడికల్స్ పుడతాయి. నష్టం ఇలా తనను తాను పెంచుకుంటూ పోతుంది. అందుకే కుర్చీ చాలాకాలం బాగానే కనిపించి, ఆ తర్వాత ఉన్నట్టుండి కూర్చోగానే విరుగుతుంది. పని మొదలుపెట్టేది కాంతి, నడిపించేది ఆక్సిజన్, తొందరపెట్టేది వేడి.

ఎంత నష్టం జరిగితే ప్లాస్టిక్ విరుగుతుంది? నన్ను బాగా ఆశ్చర్యపరిచిన లెక్క ఇదే. 10,000 కార్బన్ల గొలుసులో ఉండేవి 9,999 బంధాలు. సరిగ్గా మధ్యలో ఒక్కటి తెగితే చాలు, గొలుసు పొడవు సగానికి పడిపోతుంది. ప్లాస్టిక్‌కు సాగే గుణం వచ్చేదే పొడవాటి గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకోవడం వల్ల. అవి పొట్టివైతే ఆ పట్టు సడలుతుంది. ఏళ్లపాటు డాబా మీద ఎండిన కుర్చీ చేతిని గోటితో గీరి చూడండి, తెల్లటి పొడి రాలుతుంది. దగ్గరగా చూస్తే ఎండిన చెరువు నేలలా సన్నటి నెర్రెలు కనిపిస్తాయి. తూకంలో మాత్రం పెద్దగా తేడా రాదు.

దీన్ని నెమ్మదింపజేసే మందులు కొన్ని ఉన్నాయి. వాటిలో చవకైనది, గట్టిది కార్బన్ బ్లాక్ అనే మసి. అనంతపురం తోటల్లో ఏళ్ల తరబడి ఎండలోనే ఉండే డ్రిప్ పైపులకు నలుపు దానివల్లే వస్తుంది. పైపు బరువులో 2 నుంచి 3 శాతం ఉంటే చాలు, కిరణాలను పైపొరలోనే పీల్చేసుకుంటుంది. నలుపు వద్దనుకున్న చోట, అంటే పాలీహౌస్ షీట్లలో, రంగు షేడ్ నెట్లలో, రాడికల్స్‌ను పట్టేసే అమీన్ స్టెబిలైజర్లు కలుపుతారు. చాలా సరుకుల్లో వాటి మోతాదు ఒక శాతం కూడా ఉండదు. కానీ సరుకు ఏళ్లు నిలుస్తుందా, నెలల్లోనే పోతుందా అన్నది ఆ కాస్తలోనే తేలుతుంది. టార్పాలిన్‌ను తాడిపత్రి అనండి, బరకం అనండి, కొనేటప్పుడు మందం ఒక్కటే అడిగితే సరిపోదు. యూవీ స్టెబిలైజర్ కలిపారా అని తప్పక అడగాలి.

ఎండే ప్లాస్టిక్‌ను కరిగించేస్తుందిలే అనుకునేవారు మరో లెక్క చూడాలి. 40 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవు, ఒక్కో పొర 50 మైక్రాన్ల మందం ఉన్న పాలిథీన్ సంచి బరువు, రెండు పొరలూ కలిపి, సుమారు 18 గ్రాములు. అది మిల్లీమీటరు చదరపు ముక్కలుగా విడిపోతే 4 లక్షల ముక్కలు అవుతాయి. సంచిని చేత్తో ఏరవచ్చు, ఆ ముక్కలను ఎవరూ ఏరలేరు. ఎండ ఆ తర్వాతా పనిచేస్తుంది గానీ చాలా నెమ్మదిగా. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2019లో పాలీస్టైరీన్‌పై వేసిన అంచనా ప్రకారం, అది ఎండకు నీటిలో కరిగే కర్బన పదార్థంగా మారడానికి దశాబ్దాలు, పూర్తిగా కార్బన్ డయాక్సైడ్ కావడానికి శతాబ్దాలు పడుతుంది. పాలిథీన్ ఎండలో మీథేన్, ఇథిలీన్ వాయువులను వదులుతుందని 2018లో హవాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఇక ముక్కలు మట్టిలో కలిస్తే వెలుగు అందక ఆ కాస్త పనీ ఆగిపోతుంది.

కూరగాయల మడుల్లో పరిచే మల్చింగ్ షీట్ మందం 25, 30 మైక్రాన్లే. పంట తీశాక దాన్ని పొలంలోనే వదిలేస్తే తర్వాతి దుక్కిలో తునకలై మట్టిలో కలిసిపోతుంది. రైతు సోదరులారా, చేత్తో లాగితే షీట్ ఇంకా పొడవుగా, చిరగకుండా వస్తున్నప్పుడే తీసేయండి.