సంతకంతో పాటు ప్రశ్న కూడా ఆమెదే కావాలి

హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అమలైంది. అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. దేశమంతటికీ వర్తించేలా కేంద్రం అలాంటి సవరణ చేసింది 2005లో. ఇరవై ఏళ్లు ముందే హక్కు దక్కిన తెలుగు ఆడపిల్లల్లో చాలామందికి ఇవాళ తమ పేరున ఎంతో కొంత ఉంది. పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం అమ్మితే వచ్చిన సొమ్ము, ఉద్యోగంలో కూడిన పీఎఫ్, అమెరికాలో ఉంటే కంపెనీ ఇచ్చిన షేర్లు. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఇంకా చాలా ఇళ్లలో నాన్నో, అన్నయ్యో, ఆయనో తేలుస్తారు. ఆమె సంతకం పెడుతుంది.

అందుకే స్టార్టప్‌లలో తొలిదశ పెట్టుబడి నేర్చుకోవాలనుకునే ఆడవాళ్లకు నేను ముందు బ్యాంకు ఖాతా సంగతి చెబుతాను. డబ్బు మీ ఒక్కరి పేరున్న ఖాతాలోంచి వెళ్లాలి, షేర్లు మీ డీమ్యాట్‌లోకి రావాలి. దీనికి పన్ను కారణం కూడా ఉంది. భర్త ఊరికే ఇచ్చిన డబ్బుతో భార్య షేర్లు కొంటే, వాటిమీద లాభాన్ని పన్ను శాఖ భర్త ఆదాయంలో కలుపుతుంది. పుట్టింటివాళ్లు ఇచ్చినదైనా, తను సంపాదించినదైనా ఆ చిక్కు లేదు. లాభం ఆమెది, పన్నూ ఆమెదే. ఏ రూపాయి ఎక్కడినుంచి వచ్చిందో కాగితం మీద తేలితే, దాని గురించి ఎవరి మాట చెల్లాలో ఇంట్లో తేల్చుకోవడం కూడా సులువవుతుంది.

ఇక అసలు విషయం. తొలిదశ అంటే కంపెనీ దగ్గర ఓ ఉత్పత్తి, నలుగురైదుగురు ఉద్యోగులు, కొద్దిమంది కస్టమర్లు ఉండే కాలం. లాభం ఉండదు, తాకట్టు పెట్టడానికి ఆస్తి ఉండదు, కాబట్టి బ్యాంకు అప్పివ్వదు. అప్పుడు సొంత డబ్బు పెట్టి వాటా తీసుకునేవాళ్లను ఏంజెల్ ఇన్వెస్టర్లంటారు. మనిషిని చూసి డబ్బిచ్చే పని మన ఆడవాళ్లకు కొత్త కాదు. చీటీలో ఎవరిని చేర్చుకోవాలో, పాట పాడి ఎత్తుకున్నాక వాయిదాలు ఎగ్గొట్టేదెవరో పసిగట్టగలిగినవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ఆ చూపు ఇక్కడా పనికొస్తుంది. కానీ చీటీకి నెలలు తెలుసు, మొత్తం తెలుసు. స్టార్టప్ వాటాకు ఈ రెండూ తెలియవు. నెలకింత శాతం ఇస్తామని ఎవరైనా ‘స్టార్టప్ పెట్టుబడి’ చూపిస్తే అది పెట్టుబడి కాదు, డిపాజిట్ల వసూలు. అనుమతి లేకుండా డిపాజిట్లు సేకరించడాన్ని 2019 చట్టం నేరంగా పరిగణిస్తుంది. అలాంటి చోట కూర్చోవద్దు.

లెక్క ఎలా నడుస్తుందో ఒక ఊహా కంపెనీతో చూద్దాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదివితే మేలు. ఫౌండర్ తన కంపెనీ విలువ 8 కోట్లని చెప్పి 2 కోట్లు అడుగుతోంది. డబ్బు వచ్చాక విలువ 10 కోట్లు. మొదటి అంకెను ప్రీ-మనీ అంటారు, రెండోదాన్ని పోస్ట్-మనీ అంటారు. మీరు 5 లక్షలు పెట్టారు. మీ వాటా 5 లక్షల్ని 10 కోట్లతో భాగిస్తే వచ్చేది, అర శాతం. 8 కోట్లతో భాగించి ఎక్కువ వాటా వచ్చిందనుకోవడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు.

ఏడాదిన్నర తర్వాత ఒక వెంచర్ ఫండ్ వచ్చి 50 కోట్ల పోస్ట్-మనీ మీద 10 కోట్లు పెట్టింది. ఆ ఫండ్‌కు 20 శాతం వెళ్లింది, మీ అర శాతం 0.4 అయింది. మరో రెండేళ్లకు ఇంకో ఫండ్ 100 కోట్ల పోస్ట్-మనీ మీద 20 కోట్లు పెట్టింది. మీది 0.32 శాతానికి తగ్గింది. వాటా తగ్గిందని దిగులు పడక్కర్లేదు. కాగితం మీద మీ 5 లక్షలు ఇప్పుడు 32 లక్షలు. ఈ దశలో చాలామంది బంధువులకు ఫోన్లు చేసి చెబుతారు.

తర్వాత మార్కెట్ మారింది. కంపెనీని ఒక పెద్ద సంస్థ 40 కోట్లకు కొంది. 40 కోట్లలో 0.32 శాతం అంటే 12 లక్షల 80 వేలు మీ చేతికి రావాలి కదా. రాదు. ఫండ్‌లు డబ్బు పెట్టేటప్పుడు ‘లిక్విడేషన్ ప్రిఫరెన్స్’ అనే షరతు రాయించుకుంటాయి. కంపెనీ అమ్ముడైతే తాము పెట్టిన సొమ్ము ముందు తమకు రావాలని దాని అర్థం. రెండు ఫండ్‌లూ కలిపి పెట్టిన 30 కోట్లు మొదట వాళ్లు తీసుకుంటారు. మిగిలిన 10 కోట్లు మిగతా వాటాదారులు పంచుకుంటారు. ఫండ్‌లు పక్కకు తప్పుకున్నాక మిగతావాళ్లలో మీ వాటా మళ్లీ అర శాతమే, కాబట్టి అందులో మీకు దక్కేది 5 లక్షలు. నాలుగైదేళ్లు ఆగి, కంపెనీ మీరు పెట్టిన రోజున ఉన్న విలువకు నాలుగు రెట్లకు అమ్ముడై, మీకు అసలు మాత్రమే తిరిగొచ్చింది. అదే కంపెనీ 300 కోట్లకు అమ్ముడై ఉంటే ఫండ్‌లు ఆ షరతు వదిలేసి తమ శాతం ప్రకారమే తీసుకునేవి, మీకు 96 లక్షలు వచ్చేవి. తొలిదశ పెట్టుబడి గురించి తెలుసుకోవలసినదానిలో సగం ఈ ఒక్క లెక్కలో ఉంది. దీన్ని మీ అంతట మీరు వేరే అంకెలతో వేసి చూడకుండా ఏ టర్మ్ షీట్ (పెట్టుబడి షరతుల కాగితం) మీదా సంతకం పెట్టకండి.

ఎన్నింటిలో ఎన్ని నిలబడతాయన్న ప్రశ్నకు అమెరికాలో 2007లో వచ్చిన ఒక అధ్యయనం మంచి జవాబిస్తుంది. రాబర్ట్ విల్ట్‌బ్యాంక్, వారెన్ బోకర్ అనే ఇద్దరు ఆచార్యులు ఏంజెల్ గ్రూపుల సభ్యులు లాభంతోనో నష్టంతోనో బయటపడిన 1,137 పెట్టుబడులను లెక్కగట్టారు. అందులో 52 శాతం పెట్టినదానికన్నా తక్కువే తిరిగిచ్చాయి. మొత్తం రాబడిలో 75 శాతం తెచ్చింది కేవలం 7 శాతం పెట్టుబడులు. అన్నీ కలిపి చూస్తే సగటున మూడున్నరేళ్లలో డబ్బు 2.6 రెట్లయింది. అంటే ఉన్నదంతా ఒకే కంపెనీలో పెట్టినవాళ్లకు ఆ సగటు వర్తించదు. పోయినా ఇల్లు గడిచే మొత్తాన్నే పక్కన పెట్టి, దాన్ని కొన్నేళ్ల మీద పది పన్నెండు కంపెనీలకు పంచడం కనీస జాగ్రత్త. పిల్లల చదువు డబ్బు, ఇంటి అప్పు కట్టాల్సిన డబ్బు ఈ వైపు రాకూడదు.

ఆ అధ్యయనంలో నాకు బాగా విలువైనదిగా కనిపించే సంగతి ఇంకొకటి ఉంది. పెట్టేముందు కంపెనీని పరిశీలించడానికి 20 గంటలకన్నా తక్కువ వెచ్చించినవాళ్లకు డబ్బు 1.1 రెట్లు తిరిగొస్తే, అంతకన్నా ఎక్కువ వెచ్చించినవాళ్లకు 5.9 రెట్లు వచ్చింది. తెలిసిన రంగంలో పెట్టినవాళ్లు కూడా మెరుగ్గా ఉన్నారు. ఆసుపత్రిలో పదిహేనేళ్లు నర్సింగ్ సూపరింటెండెంట్‌గా చేసినావిడకు వైద్య పరికరాల స్టార్టప్ గురించి తెలిసినంత ఏ ఫండ్ మేనేజరుకూ తెలియకపోవచ్చు. బడి నడిపిన ప్రిన్సిపల్‌కు, చీరల దుకాణం లెక్కలు చూసే ఇల్లాలికి కూడా అంతే. ఫైనాన్స్ చదవలేదని వెనక్కి తగ్గేవాళ్లు తమ దగ్గర ఉన్న ఈ పరిజ్ఞానాన్ని లెక్కలోకి తీసుకోరు. నిజానికి అదే వాళ్ల బలం.

ఈ పరిశీలన పెద్ద విద్యేమీ కాదు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) వెబ్‌సైట్‌లో కొద్దిపాటి రుసుము కడితే కంపెనీ దాఖలు చేసిన కాగితాలు చూడొచ్చు. డైరెక్టర్లెవరు, అప్పులున్నాయా, వాటాలు ఎవరెవరి దగ్గర ఎంతెంత. ఫౌండర్ చూపించే వాటాల పట్టిక (క్యాప్ టేబుల్)తో అవి సరిపోలాలి. గత ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగి, అందులో కస్టమర్ల నుంచి వచ్చిన జమలను అమ్మకాల లెక్కతో పోల్చండి. ముగ్గురు కస్టమర్లకు మీరే ఫోన్ చేయండి. నెలకు ఖర్చు ఎంత, ఉన్న డబ్బు ఎన్ని నెలలకు వస్తుంది అన్నది కాగితం మీద రాయించుకోండి. డబ్బు ఫౌండర్ సొంత ఖాతాకు ఎప్పుడూ పంపొద్దు. కంపెనీల చట్టం ప్రకారం షేర్ల కోసం వచ్చిన సొమ్ము ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉండాలి. 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. ఆ వివరాలు రిజిస్ట్రార్‌కు దాఖలు చేసేదాకా కంపెనీ ఆ డబ్బు తాకకూడదు.

ఇప్పుడు ఆడవాళ్ల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టడం ఎందుకన్న సంగతి. న్యూయార్క్‌లో జరిగిన టెక్‌క్రంచ్ డిస్రప్ట్ అనే స్టార్టప్‌ల పోటీలో 2010 నుంచి 2016 దాకా ఇన్వెస్టర్లు ఫౌండర్లను ఏమేం అడిగారో డానా కాన్జ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఒక్కో ప్రశ్నా విడదీసి చూశారు. మగ ఫౌండర్లకు పడిన ప్రశ్నల్లో 67 శాతం ఎదుగుదల గురించినవి. ‘కొత్త కస్టమర్లను ఎలా తెస్తారు?’ వంటివి. ఆడ ఫౌండర్లకు పడిన వాటిలో 66 శాతం నష్టం గురించినవి. ‘ఉన్న కస్టమర్లు జారిపోకుండా ఎలా చూస్తారు?’ వంటివి. జవాబు ప్రశ్నను బట్టే వస్తుంది. నష్టం గురించి అడిగితే ఎవరైనా తమను కాపాడుకునేలా మాట్లాడతారు, విన్నవాళ్లకు ఆ కంపెనీ చిన్నదిగా కనిపిస్తుంది. మగవాళ్లు నడిపే కంపెనీలకు అందిన డబ్బు ఆడవాళ్ల కంపెనీలకు అందినదానికి అయిదు రెట్లు.

ఇందులో ఒక సంగతి ఆడవాళ్లందరూ గమనించాలి. మహిళా ఇన్వెస్టర్లు కూడా అదే తేడాతో ప్రశ్నలడిగారు. కాబట్టి బల్లకు ఇవతల ఆడవాళ్లను కూర్చోబెడితే సరిపోతుందని నేననుకోను. వాళ్లు ప్రశ్నల కాగితం ముందే రాసుకుని రావాలి. ఎదుట ఎవరున్నా అదే కాగితం, అదే వరుస. పదేళ్లలో ఈ కంపెనీ ఎంత పెద్దదవుతుంది అని ఆడ ఫౌండర్‌ను తప్పక అడగాలి, డబ్బు అయిపోతే ఏం చేస్తారని మగ ఫౌండర్‌ను తప్పక అడగాలి. పెళ్లెప్పుడు, పిల్లలెందరు అన్నవి ఆ కాగితం మీద ఉండకూడదు.

ఆడవాళ్ల కంపెనీలు బాగా నడుస్తాయని చెప్పడానికి బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ (బీసీజీ) 2018 నివేదికను చాలామంది ఉదహరిస్తారు. పెట్టిన ప్రతి డాలరుకు మహిళల స్టార్టప్‌లు 78 సెంట్ల అమ్మకాలు తెస్తే మగవాళ్లవి 31 సెంట్లు తెచ్చాయని అందులో ఉంది. అది అమ్మకాల లెక్క, ఇన్వెస్టర్‌కు వచ్చిన లాభం లెక్క కాదు. ఫౌండర్ ఆడమనిషి అన్న ఒక్క కారణంతో చెక్కు రాయమని నేను చెప్పను. సరిగ్గా అడగనందువల్ల మంచి కంపెనీ చేజారకూడదనే చెబుతాను.

చేస్తూ నేర్చుకునే దారికి అమెరికాలో ఒక ఉదాహరణ ఉంది. నటాలియా ఒబెర్టి నొగేరా 2011లో న్యూయార్క్‌లో ప్రారంభించిన పైప్‌లైన్ ఫెలోషిప్‌లో ఆడవాళ్లు పాఠాలు వింటూనే తలా 5,000 డాలర్లు వేసుకుని, మహిళ నడిపే ఒక కంపెనీని కలిసి ఎంచుకుని పెట్టుబడి పెట్టేవారు. సొంత డబ్బు ఉన్నప్పుడు పాఠం వినే శ్రద్ధే వేరు. అక్కడి తెలుగువాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఏడాదికి 2 లక్షల డాలర్ల ఆదాయం, లేదా భర్తతో కలిపి 3 లక్షలు, లేదా ఉంటున్న ఇల్లు కాకుండా 10 లక్షల ఆస్తి ఉంటే అక్రెడిటెడ్ ఇన్వెస్టర్, అంటే ఇలాంటి ప్రైవేటు పెట్టుబడులకు అర్హత ఉన్నవాళ్లు, అవుతారు. 2020 నుంచి సిరీస్ 65 లైసెన్సు ఉన్నవాళ్లకూ ఆ అర్హత ఇచ్చారు.

మన దగ్గర సెబీ 2025 సెప్టెంబరులో నిబంధనలు మార్చింది. వాటి ప్రకారం, పలువురి డబ్బు కూడగట్టి స్టార్టప్‌లలో పెట్టే ఏంజెల్ ఫండ్‌లు అక్రెడిటెడ్ ఇన్వెస్టర్ల నుంచే డబ్బు తీసుకోవాలి. వ్యక్తులకు ఆ అర్హత ఏడాదికి 2 కోట్ల ఆదాయమో, 7.5 కోట్ల ఆస్తో ఉంటే వస్తుంది. ఆస్తి ప్రకారమైతే అందులో సగం షేర్లు, డిపాజిట్ల వంటి రూపంలో ఉండాలి. పొలం, బంగారం ఎక్కువగా ఉన్న తెలుగు ఆడవాళ్లకు ఈ చివరి షరతే అడ్డుపడుతుంది. అయితే ఇది ఫండ్‌లో చేరడానికే. ప్రైవేటు కంపెనీ నేరుగా ఇచ్చే షేర్లు కొనడానికి ఇలాంటి ఆదాయ పరిమితి లేదు. ఒక్కో ఏడాదిలో 200 మందికి మించి అలా ఇవ్వకూడదన్నది కంపెనీకి ఉన్న హద్దు.

ఫౌండర్లను దగ్గరగా చూడాలంటే హైదరాబాద్‌లో వీ హబ్ ఉంది. 2017 నవంబరులో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు తర్వాత, మహిళా వ్యాపారుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చి 8న దాన్ని ప్రారంభించింది. ఈ రంగంలో పైకొచ్చిన తెలుగింటి ఆడపడుచు కావాలంటే ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివిన వాణి కోలా ఉన్నారు. అమెరికాలో కంపెనీలు నడిపి 2006లో తిరిగొచ్చి, తర్వాత కలారి క్యాపిటల్‌గా మారిన ఫండ్ మొదలుపెట్టి మింత్రా, డ్రీమ్11లలో తొలినాళ్లలోనే డబ్బు పెట్టించారు.

మొదటి ఏడాది చెక్కు రాయకుండా గడపడం మంచిది. అయిదారుగురు స్నేహితురాళ్లు కలిసి నెలకొక ఫౌండర్‌ను పిలిచి వినండి. విన్నాక ఒకరితో ఒకరు మాట్లాడకముందే ఎవరికి వారు ఒక పేజీ రాయాలి. పెడతారా పెట్టరా, ఎందుకు, ఏ విలువ దగ్గర. తర్వాత చర్చించాలి. ముందే చర్చిస్తే గొంతు పెద్దగా ఉన్నావిడ అభిప్రాయమే అందరిదీ అవుతుంది. ఆ పేజీలు దాచి ఏడాది తర్వాత తీసి చూస్తే ఎవరి అంచనా ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. వద్దనుకున్నప్పుడు ఫౌండర్‌కు రెండు వారాల్లోపు ఆ మాట, దాని కారణం రాసి పంపండి. ‘తర్వాత చూద్దాం’ అని వదిలేస్తే ఆమె మీ మీద ఆశతో ఇంకో ఇద్దరిని అడగడం మానేస్తుంది, ఆ లోపు జీతాల తేదీ వస్తుంది.