జట్టు వారసత్వంగా రావచ్చు... గెలుపు రాదు!

ఉంగుటూరు, నూజివీడు వైపు ఓ మాట వింటుంటాం. 'వాళ్లకేంటండీ, తాతల నాటి మామిడి తోట ఉంది' అని. తోట ఉన్నంత మాత్రాన కాయ దానంతటదే నున్న మార్కెట్‌కు చేరదు కదా! కొమ్మ కత్తిరింపులు, పూతలో తేనెమంచు పురుగుకు మందు... ఏది తప్పినా కాపు పోయినట్టే. క్రికెట్ జట్టూ అలాంటి తోటే.

ఐపీఎల్ వేలంలో కనిపించే కావ్యా మారన్‌ను చూసి 'అదృష్టవంతురాలు' అనుకుంటాం. నిజమే. సన్‌రైజర్స్ హైదరాబాద్ ఆమె తండ్రి కళానిధి మారన్ స్థాపించిన సన్ టీవీ సంస్థది. 2012లో ఏడాదికి రూ.85.05 కోట్ల చొప్పున చెల్లించేలా ఆ సంస్థ హైదరాబాద్ జట్టును దక్కించుకుంది. అంతకుముందున్న డెక్కన్ ఛార్జర్స్ 2009లో కప్పు గెలిచి, మూడేళ్లకే రద్దయింది. అంటే కప్పు గెలిచినా యాజమాన్యం శాశ్వతం కాదన్నమాట.

తప్పు దిద్దుకోవడమే అసలు పని

2023 సీజన్‌కు సన్‌రైజర్స్ రూ.13.25 కోట్లు పెట్టి హ్యారీ బ్రూక్‌ను కొంది. అతను చేసింది 190 పరుగులు. జట్టుది ఆఖరి స్థానం. యాజమాన్యం బ్రూక్‌ను వదిలేసి, తర్వాతి వేలంలో పాట్ కమిన్స్‌ను రూ.20.50 కోట్లకు, ట్రావిస్ హెడ్‌ను రూ.6.80 కోట్లకు తీసుకుంది. 2024లో జట్టు ఫైనల్‌కు చేరింది. రూ.20 లక్షల ధరతో జట్టులో చేరిన మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఆ ఏడాది వర్ధమాన ఆటగాడి అవార్డు అందుకున్నాడు. ఫైనల్లో 113కే ఆలౌటై ఓడినా, కావ్య డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్లి ఆటగాళ్లకు ధైర్యం చెప్పారు.

అమెరికాలో జీనీ బస్‌ది ఇంకో కథ. 19 ఏళ్లకే తండ్రికి చెందిన టెన్నిస్ జట్టుకు మేనేజర్‌గా పని మొదలుపెట్టారు. 2013లో తండ్రి మరణంతో లేకర్స్ బాస్కెట్‌బాల్ జట్టు పగ్గాలు చేతికొచ్చాయి. 2017లో సొంత అన్ననే జట్టు బాధ్యతల నుంచి తప్పించారు. 2020లో లేకర్స్ ఛాంపియన్ అయింది.

మరి మీ సంగతి?

మీకు జట్టు రాసిచ్చేవాళ్లు లేరు. అది తేడానే, కాదనలేం. కానీ యజమాని ఒక్కరే జట్టును నడపలేరు. వేలానికి ముందు లెక్కలు వేసే విశ్లేషకులు, ఫిజియోలు, టికెట్లు, స్పాన్సర్లు, సోషల్ మీడియా చూసేవాళ్లు కావాలి. ఆ ఉద్యోగాలకు చూసేది ఇంటిపేరు కాదు, పని.

- ఎక్సెల్, పైథాన్ నేర్చుకోండి. క్రిక్‌షీట్‌లో బంతి బంతికీ స్కోరు వివరాలు ఉచితంగా దొరుకుతాయి. ఒక బ్యాటర్‌పై నాలుగు పేజీల విశ్లేషణ రాసి చూడండి.
- కాలేజీ టోర్నీని మీరే నిర్వహించండి. ఖర్చు, స్పాన్సర్, షెడ్యూల్... అన్నీ కాగితంపై పెట్టండి. రెజ్యూమెలో అదే మీ అనుభవం.
- స్కోరింగ్, అంపైరింగ్ పరీక్షల కోసం రాష్ట్ర క్రికెట్ సంఘం ప్రకటనలు గమనిస్తూ ఉండండి.

ఇంటర్వ్యూలో 'క్రికెట్ అంటే ప్రాణం' అంటే చాలదు. 'మీ జట్టుకు ఫలానా చోట లోటుంది, ఇవిగో అంకెలు' అనండి. అప్పుడు వింటారు.