పన్నెండు మంది పసికందులు... ఒక పెద్ద ప్రశ్న

2020 ఆగస్టులో మన ఇళ్లన్నిటిలోనూ ఒక కొత్త మాట వినిపించింది. ఎక్మో! ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు చెన్నైలో కరోనాతో పోరాడుతుంటే 'ఎక్మో మీద ఉంచారు' అంటూ బులెటిన్లు వచ్చేవి. డల్లాస్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా పొద్దున్నే ఫోన్ అందుకుని 'ఇవాళ ఎలా ఉందట?' అని అడగని తెలుగువాళ్లు అరుదు. సెప్టెంబరు 25న ఆయన వెళ్లిపోయారు. ఆ మాట మాత్రం మనతో ఉండిపోయింది.

అసలు ఆ యంత్రం నిలదొక్కుకున్నది పెద్దవాళ్ల దగ్గర కాదు. పుట్టి రెండు మూడు రోజులైనా కాని పసికందుల దగ్గర. నిలబెట్టిన సర్జన్ డాక్టర్ రాబర్ట్ బార్ట్‌లెట్. మన తెలుగువాళ్లు బాగా తెలిసిన మిషిగన్‌లో, ఆన్ ఆర్బర్‌లో 1939లో పుట్టినాయన. ఆయన కథ రాద్దామని కూర్చుంటే మాకు యంత్రం కంటే దాని వెనకున్న లెక్కే ఎక్కువ నిద్ర పట్టకుండా చేసింది.

బోస్టన్‌లో మొదలైన ఆలోచన

మిషిగన్‌లో మెడిసిన్ పూర్తి చేసి 1963లో బోస్టన్ వెళ్లారు బార్ట్‌లెట్. అక్కడి పిల్లల ఆస్పత్రిలో పెద్ద సర్జన్ రాబర్ట్ గ్రాస్. పుట్టుకతో వచ్చే గుండె లోపాన్ని 1938లోనే ఆపరేషన్‌తో సరిచేసిన మనిషి. అలాంటివాళ్ల దగ్గర శిక్షణ పొందుతున్నప్పుడు ఒక సంగతి బార్ట్‌లెట్‌ను వేధించేది. ఆపరేషన్ బాగానే అవుతుంది. కానీ యంత్రం తీసేశాక కొందరు పిల్లల గుండె వెంటనే అందుకోలేకపోయేది. ఇంకో రెండు మూడు రోజులు ఆ యంత్రం సాయం ఉంటే బతికేవాళ్లే!

ఉంచొచ్చు కదా అంటే ఉంచలేరు. అప్పటి హార్ట్-లంగ్ యంత్రాల్లో రక్తంలోకి ఆక్సిజన్‌ను నేరుగా బుడగలుగా వదిలేవారు. కొన్ని గంటలు దాటితే రక్తకణాలు చితికిపోయేవి. దీనికి విరుగుడు పల్చటి సిలికోన్ రబ్బరు పొర. పొరకు ఇటు రక్తం, అటు ఆక్సిజన్. రెండూ కలవవు, గాలి మాత్రం పొరలోంచి దాటుతుంది. మన ఊపిరితిత్తులు చేసే పని కూడా దాదాపు ఇదే. ఈ దారిలో చాలామంది పనిచేశారు. బార్ట్‌లెట్ కూడా ఇంజనీర్లతో కలిసి ఏళ్ల తరబడి ప్రయోగశాలలో దీనిమీదే కూర్చున్నారు.

'ఆశ' అనే పాప

1971లో కాలిఫోర్నియాలో డాక్టర్ డొనాల్డ్ హిల్ బృందం రోడ్డు ప్రమాదంలో ఊపిరితిత్తులు దెబ్బతిన్న 24 ఏళ్ల యువకుణ్ని మూడు రోజులు ఈ పద్ధతిలో నిలబెట్టి బతికించింది. అందరిలోనూ ఉత్సాహం. వెంటనే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 90 మంది పెద్దవాళ్ల మీద పరీక్ష పెట్టింది. ఫలితం చూస్తే ఉసూరుమనిపించింది. యంత్రం పెట్టినా, పెట్టకపోయినా పదిమందిలో తొమ్మిదిమంది చనిపోయారు. 1979లో ఆ నివేదిక అచ్చయ్యాక చాలామంది ఈ యంత్రాన్ని పక్కన పెట్టేశారు.

బార్ట్‌లెట్ పెట్టలేదు. ఎందుకంటే అప్పటికే ఆయన ఒక పాపను చూశారు. 1975లో కాలిఫోర్నియాలో ఆయన పనిచేసే ఆస్పత్రిలో, మెక్సికో నుంచి వచ్చిన ఓ పేద తల్లికి పుట్టిన పాప అది. కడుపులో ఉన్నప్పుడే మలినం ఊపిరితిత్తుల్లోకి పోయింది. వెంటిలేటర్ పెట్టినా ఒళ్లు నీలం తిరుగుతోంది. తల్లి బిడ్డను అక్కడే వదిలి వెళ్లిపోయింది. నర్సులే పేరు పెట్టారు, ఎస్పెరాంజా అని. స్పానిష్‌లో 'ఆశ' అని అర్థం. యంత్రం మీద పెట్టారు. బతికింది. పెరిగి పెద్దదై, తర్వాత ఆ డాక్టరు గారిని కలిసింది కూడా.

పెద్దవాళ్లలో పనిచేయనిది పసివాళ్లలో ఎలా పనిచేసింది? పసివాళ్ల ఊపిరితిత్తులు చాలాసార్లు పాడైపోయి ఉండవు. పుట్టగానే తెరుచుకోవాల్సిన రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి. కొన్ని రోజులు విశ్రాంతి ఇస్తే చాలు, వాటంతటవే తెరుచుకుంటాయి. అయితే ప్రమాదమూ చిన్నది కాదు. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం మొత్తం పావు లీటరు! మెడలోని పెద్ద నాళాల్లోకి గొట్టాలు దించాలి. రక్తం గడ్డకట్టకుండా మందు ఇవ్వాలి. ఆ మందు వల్లే మెదడులో రక్తస్రావం కావచ్చు. చేతిలో ఉన్నది కత్తి మీద సామే.

గోలీలతో తేల్చారు

1980లో బార్ట్‌లెట్ సొంతూరు ఆన్ ఆర్బర్‌కు తిరిగొచ్చారు. ఒక్కొక్క పసికందూ బతుకుతుంటే ఆయనకు నమ్మకం పెరిగింది. కానీ మిగతా డాక్టర్లు అడిగారు: 'మీరు బతికించారా, వాళ్లే బతికేవాళ్లా? రుజువేది?' అడగడంలో తప్పులేదు. రుజువు కావాలంటే సగంమందికి యంత్రం, సగంమందికి మామూలు చికిత్స ఇచ్చి పోల్చాలి. ఎవరికేది అన్నది నాణెం ఎగరేసినట్టు నిర్ణయించాలి.

ఇక్కడే పెద్ద చిక్కు. పరీక్షలోకి తీసుకునేదే మామూలు చికిత్సతో పదింట ఎనిమిదిమంది చనిపోతారనుకునే పిల్లల్ని. యంత్రం కాపాడుతుందని నమ్మే డాక్టరు, బొరుసు పడిందని పక్క బిడ్డకు దాన్ని ఎలా ఆపగలడు?

స్టాటిస్టిక్స్ అంటే మనకు సి.ఆర్.రావు గారు గుర్తొస్తారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి ప్రపంచాన్ని మెప్పించి, 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ శాస్త్రంలోనే బార్ట్‌లెట్ దారి వెతుక్కున్నారు. మిషిగన్ స్టాటిస్టిషియన్ రిచర్డ్ కార్నెల్‌తో కలిసి 'గెలిచినదాన్నే ఆడు' అనే పద్ధతి తీసుకున్నారు. ఒక కుండలో రెండు గోలీలున్నాయనుకోండి. ఒకటి యంత్రానిది, ఒకటి మామూలు చికిత్సది. కళ్లు మూసుకుని ఒకటి తీయాలి. యంత్రం వచ్చి బిడ్డ బతికితే కుండలో యంత్రం గోలీ ఇంకోటి వేస్తారు. మామూలు చికిత్స వచ్చి బిడ్డ పోయినా యంత్రం గోలీయే వేస్తారు. ఏది గెలుస్తుంటే తర్వాతి బిడ్డకు అది వచ్చే అవకాశం పెరుగుతూ పోతుంది.

మొదటి బిడ్డకు యంత్రం వచ్చింది. బతికింది. రెండో బిడ్డకు మామూలు చికిత్స వచ్చింది. చనిపోయింది. ఆ తర్వాత అందరికీ యంత్రమే. మొత్తం పన్నెండుమందిలో యంత్రం అందిన పదకొండుమందీ బతికారు. 1985లో ఈ ఫలితం అచ్చయింది.

ఒక్క బిడ్డ సాక్ష్యం సరిపోతుందా?

గొడవ అప్పుడే మొదలైంది. మామూలు చికిత్స వైపు ఉన్నది ఒకే ఒక్క బిడ్డ. ఆ ఒక్కరితో ఏం పోలుస్తారు? ఒకే పన్నెండుమంది లెక్కకు, కట్టే పద్ధతిని బట్టి 'తిరుగులేని రుజువు' మొదలు 'ఏమీ తేలలేదు' వరకు జవాబులొచ్చాయి. పిల్లల్ని కాపాడదామని వేసిన ఎత్తు వల్లే రుజువు పల్చబడింది.

అందుకే మళ్లీ పరీక్షలు. బోస్టన్‌లో జరిగిన దానిలో ఏదో ఒక వైపు నాలుగు మరణాలు కాగానే ఆపాలని నియమం. మామూలు చికిత్సలో పదిమందిలో నలుగురు పోయారు. యంత్రం మీద తొమ్మిదిమందికి తొమ్మిదిమందీ బతికారు. 1989లో అది వచ్చాకా వాదన ఆగలేదు. మామూలు చికిత్సకు వెళ్లిన పిల్లల తల్లిదండ్రులకు పరీక్ష సంగతే చెప్పలేదని తెలిసి ఇంకో దుమారం రేగింది.

చివరికి తేల్చింది బ్రిటన్. 1993 నుంచి 1995 దాకా 185 మంది పసికందులు. యంత్రానికి కేటాయించిన 93 మందిలో 30 మంది, మామూలు చికిత్సలో 92 మందికి 54 మంది చనిపోయారు. తేడా స్పష్టం కాగానే పర్యవేక్షక కమిటీ సలహాతో మధ్యలోనే ఆపేశారు. ఆ తర్వాత పెద్ద ప్రశ్నలు లేవలేదు.

మేమిక్కడ ఆగి ఆలోచించాం. ఆ 54 మందిలో యంత్రం దొరికితే బతికేవాళ్లు ఎందరో ఉండి ఉంటారు. మరోవైపు, ఆ లెక్క లేకపోతే తర్వాత పుట్టిన వేలమందికి యంత్రం అందేదా? రెండూ నిజాలే. ఒకదాని కోసం ఇంకోదాన్ని కొట్టేయలేం.

మన దాకా వస్తే

1989లో బార్ట్‌లెట్, తోటి డాక్టర్లు కలిసి ఎల్సో అనే సంస్థ పెట్టారు. యంత్రం మీద పెట్టిన ప్రతి కేసునూ, గెలిచినా ఓడినా, అందులో రాస్తారు. ఆ పట్టికలో ఇప్పుడు లక్షన్నరకు పైగా రోగులున్నారు. 1990ల చివర నైట్రిక్ ఆక్సైడ్ వాయువు చికిత్స రావడంతో యంత్రం దాకా వెళ్లే పసికందులు తగ్గారు. పెద్దవాళ్ల విషయంలో చర్చ మాత్రం 2018లో వచ్చిన పెద్ద పరీక్ష తర్వాత కూడా సాగుతూనే ఉంది.

ఇదంతా మనకెందుకంటారా? అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మన కుటుంబాల్లో ఏదో ఒక రోజు డాక్టరు కాగితం పట్టుకొచ్చి 'మీ పాపను ఒక ట్రయల్‌లో చేరుస్తారా?' అని అడగొచ్చు. కంగారులో కొందరు చూడకుండా సంతకం పెట్టేస్తారు, కొందరు 'మా పిల్ల మీద ప్రయోగాలా!' అని మండిపడతారు. రెండూ వద్దు. అడగండి. ఈ రెండు చికిత్సల్లో ఏది మేలో నిజంగా తెలియదా? మధ్యలో ఫలితాలు చూసి ఆపే కమిటీ ఉందా? మేం ఎప్పుడైనా తప్పుకోవచ్చా? అడిగితే డాక్టర్లు ఏమీ అనుకోరు. అడగడం మన హక్కు.

ఒక సర్జన్ చెయ్యి ఒకసారి ఒక బిడ్డనే కాపాడుతుంది. సరైన లెక్క, ఆ సర్జన్ ఎన్నడూ చూడని బిడ్డల్ని కూడా కాపాడుతుంది. ఆ లెక్కలో ఉన్న ప్రతి అంకె వెనుకా ఒక తల్లి ఉంది. దాన్ని మాత్రం మరిచిపోకూడదు.