బెజవాడ దారిలోని కాలువలు

చల్లపల్లినుండి పామఱ్ఱు, ఉయ్యూరు, కంకిపాడుల మీదుగా బెజవాడకు దినదినము పోయివచ్చువారు పెక్కురు గలరు. నేనును ఆ దారిని చిరకాలము తిరిగితిని. కంకిపాటివఱకు వరిచేలు, పెనమలూరు దాఁటినది మొదలు మేడలు, అంగళ్లు, జనసమ్మర్దము. చూపు వానిమీఁదనే నిలుచును. అయినను ఆ నగరమున మనవారు ముఖ్యముగాఁ జూడఁదగినవి ఏలూరు, రైవిస్, బందరు కాలువలు.

ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ కృష్ణ యిఱుకై పాఱును. అందుచేతనే 1852లో అచట ఆనకట్ట నారంభించి 1855లో ముగించిరి. అది 1952లో తెగఁగా, 1957 నాఁటికి ప్రకాశము బ్యారేజి వెలసినది. అడ్డుకట్టచే నీటిమట్టము హెచ్చును. ఆ నీరు తూములగుండ కాలువలఁ జొచ్చి, వాలునుబట్టి తనంతఁ దానే పల్లమునకుఁ బాఱును. తూర్పుడెల్టా పైరులకును, పెక్కు గ్రామముల మంచినీటి చెఱువులకును ఇదియే ఆధారము.

వంతెన దాఁటువారికి కాలువ క్షణకాలపు దృశ్యము. అందుఁ బాఱవేసిన చెత్తను ఎగువవారు మఱతురు. దాని ఫలము దిగువవారు అనుభవింతురు. కావున నిత్యము బస్సెక్కు మీ బిడ్డలకుఁ జెప్పుఁడు: వంతెనమీఁదనుండి కాలువను జూచునపుడు, రేపు డెల్టాలోని కడవలకు వచ్చు నీటినే చూచుచున్నామని యెఱుఁగవలెను.