వాల్వు మారినా నెత్తురుపై నిఘా తప్పదు!

గుండె ఆపరేషన్ చేయించుకుని ఇంటికి చేరితే గండం గడిచిందనుకుంటారు. వాల్వు మార్పించుకున్న వారి విషయంలో అది సగమే నిజం.

పల్లెల్లో వాల్వులు చెడేది ఎక్కువగా కీళ్లవాతపు జ్వరం వల్లనే. చిన్ననాడు గొంతునొప్పితో మొదలై, కీళ్లు వాచి, తగ్గిపోయిందనుకున్న జ్వరం ఏళ్లు గడిచాక గుండెలో బయటపడుతుంది. అందుకే ఈ రోగుల్లో పాతిక, ముప్పయ్యేళ్ల వారూ కనిపిస్తారు. వెనుకటికి ఈ ఆపరేషన్ కలిగినవారికే సాధ్యమయ్యేది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం తయారుచేసిన స్వదేశీ వాల్వును 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు. మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కూలినాలి జనానికీ ఆపరేషన్ అందింది.

ఆపరేషన్ అయిన వారం రోజులూ రోజూ సూది గుచ్చి నెత్తురు తీస్తుంటే, 'ఉన్న రక్తమంతా వీళ్లే లాగేస్తున్నారు' అని బంధువులు విసుక్కోవడం మామూలే. అందులో చూసేవాటిలో ప్లేట్‌లెట్ల లెక్క ఒకటి. మామూలు మనిషికి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండే ఈ కణాలు ఆపరేషన్ తర్వాత మొదటి రోజుల్లో తగ్గి, మళ్లీ పెరుగుతాయి. పెరగకపోయినా, పెరిగినట్టే పెరిగి సగానికి పడిపోయినా వైద్యులు ఉలిక్కిపడతారు. గడ్డ కట్టకుండా ఇచ్చే హెపారిన్ మందే ఒక్కోసారి అందుకు కారణం.

ఇంటికొచ్చాక మరో కాపలా. లోహపు వాల్వు మీద నెత్తురు గడ్డకడితే వాల్వు బిగుసుకుపోవచ్చు. గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. అందుకే జీవితాంతం అసిట్రోమ్ లేదా వార్ఫరిన్ మాత్ర. మోతాదు సరిపోయిందో లేదో ఐఎన్ఆర్ పరీక్షే చెప్పాలి. మామూలు మనిషికి ఒకటి దగ్గర ఉండే ఈ అంకె, మైట్రల్ స్థానంలో లోహపు వాల్వు ఉన్నవారికి సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, మించితే రక్తస్రావం. వాల్వు టిక్కు టిక్కుమనే చప్పుడు మందగించినా, ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగరాదు.

చిక్కల్లా పరీక్షకు పట్నం వెళ్లడమే. బస్సు చార్జీ, ఒకరోజు కూలి పోతాయి. 'ఒళ్లు బాగానే ఉందిగా' అని రెండు నెలలు మానేస్తే మూడో నెల ఏమవుతుందో చెప్పలేం. మాత్రలు ఊళ్లో దొరికితే చాలదు, పరీక్ష కూడా దగ్గర్లో దొరకాలి. ఆపరేషన్‌కు అంత ఖర్చు చేసే ప్రభుత్వాలకు ఇదేమంత భారం కాదు.

వానాకాలంలో డెంగీ మరో ప్రమాదం. ఒకపక్క ప్లేట్‌లెట్లు పడిపోతాయి, మరోపక్క మాత్ర నెత్తురును పలచగానే ఉంచుతుంది. అలాగని సొంతంగా మాత్ర ఆపితే వాల్వుకు ముప్పు. జ్వరమొస్తే పరీక్షల పుస్తకం పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లవలసిందే. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నొప్పుల సూది వేయించుకోరాదు. కండలో నెత్తురు గూడుకడుతుంది. గోంగూర, మునగాకు మానక్కర్లేదు గానీ ఒకవారం అదేపనిగా తిని, మరోవారం ముట్టకుండా ఉంటే ఐఎన్ఆర్ తారుమారవుతుంది.

ఆడపిల్లల సంగతి మరీ ముఖ్యం. ఈ మాత్రల వల్ల తొలి నెలల్లో కడుపులోని బిడ్డకు అంగలోపాలు రావచ్చు. బిడ్డ కావాలనుకున్నప్పుడే గుండె వైద్యుడికి చెప్పాలి. నెల తప్పితే ఆ వారంలోనే వెళ్లాలి. అత్తగారింట్లో వాల్వు సంగతి దాచిపెట్టి పెళ్లి చేస్తే, ఆ పిల్ల ఈ మాట ఎవరితో చెప్పుకుంటుంది?